పక్కకు తిరిగిన ఫొటో

కొత్తవాడ, వరంగల్
3 జూన్ 1979

పద్మ బాపుకు విమల నమస్కారం చేసి రాసేది.

నేను, బిడ్డ పద్మ మంచిగున్నం. మీతోని బట్టలు నేసే సాంచలు నడిపే పోశన్న నిన్న ఇంటికొచ్చిండు. మీ ముచ్చట అడిగితే నేల చూపులు చూసిండు. గుచ్చి గుచ్చి అడిగితే, "నర్సన్న చాయ పోస్తే గ్లాసు పక్కన పోతాంది వదినె. మెట్టు దిగబోయి రెండుసార్లు పడ్డడు. ఇంకేం అడగకు" అన్నడు.

బొంబాయి దిక్కు పోయి, ఆ భీమండిల తాగుడు మరిగిండ్రా? నిజం రాయుండ్రి.

మీ విమల

భీమండి, 15 జూన్

ప్రియమైన విమలకు,

చుక్క ముట్టలేదు. పద్మ మీద ఒట్టు. డబుల్ డ్యూటీలు, నిద్ర చాలక తూలిన. ఫికర్ చెయ్యకు. దసరాకు సెలవు దొరకదు.

నీ లక్ష్మీనర్సయ్య

కొత్తవాడ, 20 ఆగస్టు

పద్మ బాపుకు,

ఫొటో అందింది. దసరాకు రాకుంటె మీ ఫొటో అన్న పంపుండ్రని అడిగిన రెండు నెలలకు పంపిండ్రు, అది గూడ పక్కకు తిరిగి దిగింది. స్టూడియోల ఎవలైన ముందుకు చూసి దిగుతరు గద. పక్కన ఎవలన్న ఉంటే కత్తిరించిండ్రా అని అంచులు తడిమి చూసిన.

"అక్కడ ఇంకో సంసారం పెట్టిండు" అంటాంది పక్కింటి మల్లక్క. మొదలు ఆమెతోని కొట్లాడిన. ఇప్పుడు కొట్లాడ బుద్ధయితలేదు. నా మొఖం చూడలేని పని ఏం చేసిండ్రు?

విమల

భీమండి, 2 సెప్టెంబర్

ప్రియమైన విమలా,

ఇంకో ఆడమనిషి లేదు. ఏప్రిల్ల, దారం మోసే నాడె సాంచ మీదికెల్లి ఎగిరొచ్చి ఎడమ కంటికి తగిలింది. కన్ను పోయింది. నీకు చెప్పొద్దని పోశన్నతోని ఒట్టేయించుకున్న.

రెండు కండ్లు చెరో పక్కనుంచి చూస్తేనే ఏది ఎంత దూరమో మంచిగ తెలుస్తదని దవాఖానల డాక్టర్ చెప్పిండు. ఇప్పుడు నాకు గ్లాసు, దాని ఎనక గోడ ఒక్కకాడనే ఉన్నట్టు కొడతాంది. మొన్న దూరంగ నిలబడ్డ పెద్దమనిషిని చూసి, దగ్గరున్న పిల్లగాడనుకున్న. తల అటిటు కదిలిస్తే జర తెలుస్తాంది. కొన్ని నెలలకు అలవాటైతదట.

ఇంటికి రావాలనే ఉండె. పద్మ ఉరికొస్తే ఎత్తుకోబోయి చెయ్యి తప్పితే? ఆ భయంతోనే ఆగిన.

నీ నర్సయ్య

కొత్తవాడ, 12 సెప్టెంబర్

పద్మ బాపుకు,

మీ జాబు మల్లక్క చేతుల పెట్టిన. చదివి, పోయి తలుపు దగ్గరేసుకున్నది. నేను గూడ మిమ్మల్ని అనరాని మాటలన్న. నిన్న ఒక కన్ను మూసుకొని సూదిల దారం ఎక్కించబోయిన. ఎంతసేపైనా ఎక్కలే.

వచ్చే శుక్రవారం నేను, పద్మ, తమ్ముడు వెంకట్రాజం కాజీపేటల బండెక్కుతున్నం. స్టేషన్ల బండి దిక్కు ఉరకకుండ్రి. పోశన్న పక్కన నిలబడి చేతులు చాపుండ్రి. పద్మను నేనే తెచ్చి ఆ చేతులల్ల పెడుత.

మీ విమల