వినపడని రకం

జూన్ 4. ముసురు. పొద్దున వెనక తలుపు వానకు ఉబ్బి మూసుకోకపోతే చిత్రిక పట్టాను.

ప్రియమైన నీకు,

ఉత్తరం అందింది. అత్తయ్య మేడమెట్ల మీద తూలారని నేను రాసిన దగ్గర్నుంచి నీకు కుట్టుమిషను మీద ధ్యాస నిలవడం లేదన్నావు. దెబ్బేమీ తగల్లేదు. "అమ్మను కనిపెట్టుకుని ఉండండి" అని రాశావు. పగలంతా నేను షాపులో ఫ్యాన్లు, మోటార్లు ముందేసుకుని కూర్చుంటాను. ఆవిడ మేడ మీద గదిలో ఉంటారు. అందుకని ఇంటి బయట కెమెరా పెట్టిద్దామని నిన్న వెళ్ళి చూశాను.

కొట్టువాడు నాలుగు రకాలు చూపించాడు. బ్యాటరీది నెలకోసారి దించి చార్జింగు పెట్టాలి, మరిచిపోతే అది ఉన్నా లేనట్టే. తిరిగేది ఇటు తిరిగినప్పుడు అటు జరిగింది చూడదు. ఇంకోటి చవకదే గాని జల్లు పడితే లోపల ఆవిరి పడుతుందట. చివరికి తీగతో నడిచేది, ఎండావానా తట్టుకునేది తీసుకున్నాను. చూరు కింద తొమ్మిదడుగుల ఎత్తున బిగిస్తే గేటు నుంచి పై మెట్టు దాకా ఒక్క చూపులో వస్తుంది. బొమ్మ నా ఫోనులో కనపడుతుంది. కూడా వచ్చిన కాగితం రెండుసార్లు చదివాను. అర్థంకాని మాటలు ఐదు ఉంటే అడిగి రాసుకున్నాను.

అదే కెమెరాలో మాట కూడా వినిపించే రకం ఉంది. "తీసుకోండి, అత్తా అల్లుళ్ళు కబుర్లు చెప్పుకోవచ్చు" అని అమ్మేవాడు నవ్వాడు. వద్దన్నాను. ఒకరి మాటలు చాటుగా వినడం మర్యాద కాదు. కనపడితే చాలు.

ఉంటాను,
నీ ఇంటాయన

జూన్ 12

ప్రియమైన మీకు,

ఉత్తరం చదివి మా గదిలో నలుగురం నవ్వుకున్నాం. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇన్ని వైపుల నుంచి చూసి ఉండరు.

ఈ బట్టల ఫ్యాక్టరీలో పని దొరికే వరకు ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పడేసే చోటు ఒకటుంటుందని నాకు తెలియదు. ఆదివారం పది నిమిషాలు ఇస్తారు. అందులో ఆరు అమ్మకే పోతాయి. మిగతా నాలుగూ మీ "ఊఁ"లకు. అందుకే ఉత్తరాలే నయం, కాగితం మీద మీకు మాటలొస్తాయి.

అమ్మ మొహమాటస్తురాలు. మీరు అంతకు మించి. ఆ మెట్ల మీద ఇద్దరూ ఎదురుపడితే ఎవరు ముందు పక్కకు తప్పుకుంటారో నేను చూడని దాన్నా? కెమెరా ఉంటే ఉండనీయండి. అమ్మ జాగ్రత్త.

మీ
నేను

జూన్ 27. ఎండ. పొద్దున మేడమీద తొట్టి కడిగాను.

ప్రియమైన నీకు,

కెమెరా బిగించాను. అత్తయ్యను మెట్ల దగ్గరికి పిలిచి చూపించాను. "ఏదైనా అవసరమైతే దీని ముందుకు రండి, నాకు తెలుస్తుంది" అని చెప్పాను. తల ఊపారు. అన్నం క్యారియరు పై మెట్టు మీద పెట్టి షాపుకు వచ్చాను.

షాపులో ఒక నోటు పుస్తకం దీనికే పెట్టాను. నీకు తెలియాలని నిన్నటిది ఎక్కిస్తున్నాను.

9.10: అత్తయ్య బయటికి వచ్చారు. మొక్కకు పోసిన నీళ్ళు సగం కుండీ పక్కన పడ్డాయి.
11.30: గోడ పట్టుకుని రెండు మెట్లు దిగి మళ్ళీ ఎక్కారు.
4.00: పై మెట్టు మీద కూర్చున్నారు. కెమెరా వైపు చూస్తూ కూర్చున్నారు. పెదవులు కదులుతున్నాయి. పాట కాబోలు.
4.20: లేచి వెళ్ళారు.

నాలుగు గంటలకు రావడం రోజూ ఉంది. నిమిషం తప్పరు.

నీ ఇంటాయన

జూలై 8

ప్రియమైన మీకు,

ఆదివారం అమ్మ గొంతు నీరసంగా ఉంది. ఏమిటని అడిగితే "ఏం లేదులే, అన్నీ అల్లుడికి చెప్తూనే ఉన్నాను, ఆయన చూసుకుంటాడు" అంది. నా ఒళ్ళు పులకరించింది. పదమూడేళ్ళకు మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారన్నమాట. ఇంత మంచి కబురు నాకు రాయకుండా కుండీ పక్కన పడ్డ నీళ్ళ గురించి రాస్తారా?

వచ్చే నెల మొదట్లో నాలుగు రోజులు సెలవు ఇస్తామన్నారు.

మీ
నేను

జూలై 16. గాలి. గేటు మడతబందులకు నూనె వేశాను.

ప్రియమైన నీకు,

అత్తయ్య నాతో ఏమీ చెప్పలేదు. క్యారియరు తీసుకునేటప్పుడు "పెట్టావా నాయనా" అంటారు, నేను "ఆఁ" అంటాను. అంతే. నువ్వు దిగులుపడతావని అలా అని ఉంటారు.

నిన్నటిది: 10.05, లేని మెట్టు ఉందనుకుని కాలు వేశారు, పడలేదు. 4.00, కూర్చున్నారు. కుడి కంటి మీద చెయ్యి పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. పాట చాలాసేపు సాగింది. 4.45 దాకా ఉన్నారు.

గేటు వేసే ఉంది. కొత్తవాళ్ళెవరూ రాలేదు.

నీ ఇంటాయన

ఆగస్టు 9

ప్రియమైన మీకు,

సెలవుకు వచ్చి అమ్మను చూపించిన రోజు, కళ్ళ డాక్టరు గది బయట బల్ల మీద పక్కపక్కనే కూర్చుని ఒక్క మాటా అనుకోలేదు మనం. అలాగే రైలెక్కి వచ్చేశాను. అక్కడ అనలేనిది రాస్తున్నాను.

కంట్లో ఒత్తిడి పెరిగిందన్నాడు. నెల ముందు తీసుకొస్తే కుడి కన్ను నిలిచేదన్నాడు. మీరు నేలచూపులు చూస్తున్నారు, నేను మిమ్మల్నే చూస్తున్నాను.

ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుని అడిగాను, ఎవరికీ చెప్పకుండా ఎందుకు దాచావని. అమ్మకు కోపం వచ్చింది. "దాచడమేమిటే? రోజూ నాలుగింటికి వెళ్ళి చెప్పాను. కుడివైపు చీకటి పడుతోంది నాయనా, దీపం చుట్టూ రంగులు కనపడుతున్నాయి, తల పగిలిపోతోంది, ఒక్కసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు అని. ముఖం మీద అడగాలంటే నాకు సిగ్గు. దాని ముందుకు వస్తే తెలుస్తుందని ఆయనే అన్నాడు" అంది.

నేను కనిపెట్టుకుని ఉండమన్నాను. కనిపెట్టమనలేదు. మీ పుస్తకంలో అంతా ఉంది: నీళ్ళు పక్కన పడటం, లేని మెట్టు, కంటి మీద చెయ్యి. ఒక్కసారి మెట్లెక్కి "ఏమిటండీ" అంటే సరిపోయేది.

నా తప్పూ ఉంది. మీరు "ఏమీ చెప్పలేదు" అని రాసినప్పుడు అమ్మ గొంతు గుర్తుచేసుకుని పరుగెత్తుకు రావలసింది. నాలుగు రోజుల సెలవు పోతుందని ఆగాను.

ఇకమీదట అమ్మ ఏం చేసిందో రాయకండి. ఏమన్నదో రాయండి.

నేను

ఆగస్టు 21. మబ్బు. మెట్ల అంచులకు తెల్ల రంగు వేశాను.

ప్రియమైన నీకు,

నువ్వు రాసిన దాంట్లో కొట్టేయవలసిన మాట ఒక్కటీ లేదు.

కెమెరా విప్పేద్దామని నిచ్చెన వేశాను. అత్తయ్య తలుపులోంచి "ఉండనీ" అన్నారు. దానికి మాట వినపడదని అప్పుడు చెప్పాను. ఆవిడ ఎడమ కన్ను నా వైపు తిప్పారు. "చూస్తూనే ఉన్నావుగా, వినీ ఊరుకున్నావనుకున్నాను. నేనంటే బరువనుకున్నాను" అన్నారు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని నిచ్చెన దిగాను.

"మరైతే ఇన్నాళ్ళూ గోడకు చెప్పానన్నమాట. గోడలకైనా చెవులుంటాయంటారే" అన్నారు. నవ్వారో లేదో నేను తలెత్తి చూడలేదు.

ఎదురుగా కూర్చుంటే ఇప్పటికీ ఇద్దరికీ మాట రాదు. అందుకని మూడున్నరకు షాపు మూసి వచ్చి చూరు కింద, కెమెరాకు సరిగ్గా కింద, గోడకు ఆనుకుని కూర్చుంటున్నాను. ఆవిడ మెట్టు మీద కూర్చుని దాని వైపు చూసి చెబుతారు. నేను కింద నుంచి బదులు చెబుతున్నాను. నువ్వు అడిగినట్టు రాస్తున్నాను.

సోమవారం: "కూరలో ఉప్పు లేదు. నెల నుంచీ లేదు."
మంగళవారం: "ఉన్న కన్ను కూడా పోతే ఏం చేస్తాం నాయనా?"  తెలియదనే చెప్పాను.
బుధవారం: నేనే ముందు అడిగాను, నొప్పి ఉందా అని. "ఇవాళ తక్కువే" అన్నారు.
గురువారం: ఎడమ కంటికి చుక్కలు ఎనిమిదింటికి వేశాను, పన్నెండుకు వేశాను. నాలుగింటివి వేయాలి. ఇది రాస్తుండగానే ఆవిడ వచ్చి కూర్చున్నారు. ఏదో అడుగుతున్నారు, వాన చప్పుడులో సరిగ్గా వినపడలేదు, మెట్లెక్కి "ఏమిటండీ" అని అడిగి వచ్చి మిగతాది రాస్తాను.