యాభై నాలుగు శాతం

జనవరి 6, మంగళవారం

ఫహద్ బాబా పాత జీఎంసీ అమ్మేసి ఎలక్ట్రిక్ బండి తెచ్చాడు. ఇంజన్ లేదు, గేర్ లేదు, సౌండ్ లేదు. ఆన్ అయిందో లేదో తెలియక బటన్ రెండుసార్లు నొక్కాను. పెద్ద మామా, అంటే ఫహద్ తల్లి, వెనక సీట్లో కూర్చుని, ఇది బండి కాదు ఫ్రిజ్ అంది.

పదిహేడేళ్లుగా కువైట్‌లో, జహ్రాలోని ఈ ఫహద్ ఇంట్లో డ్రైవర్‌ని. ఈ వయసులో మళ్లీ ఎల్‌బోర్డు.

పెద్ద మామాకు ఆదివారం పదకొండింటికి కుడికంటి ఆపరేషన్. ఆ డేటు కోసం మూడు నెలలు కాచుకున్నారు. కన్ను కోయించుకునే ముందు ఒకసారి సముద్రం చూస్తానని పట్టుబట్టింది. అందుకని గురువారం అందరం, బండికి చక్రాల ఇల్లు తగిలించుకుని, సముద్రం ఒడ్డున ఖిరాన్ కారవాన్ పార్కుకు. మూడు రాత్రులు. ఆదివారం పొద్దున నేరుగా హాస్పిటల్‌కు.

నా లీవు కాగితం ఫహద్ టేబుల్ మీద ఉంది. సంతకం కావాలి. ఫిబ్రవరిలో పోతే నా భార్య రెడ్డెమ్మను చూసి మూడేళ్లవుతుంది.

జనవరి 8, గురువారం, సాయంత్రం

ఇంటి దగ్గర బ్యాటరీ వంద శాతం. ఖిరాన్‌లో దిగేసరికి ముప్పై ఆరు. నూట ముప్పై కిలోమీటర్లే. వెనక కారవాన్ తగిలిస్తే బండి రెట్టింపు కరెంటు తాగుతుందని షోరూమువాడు చెప్పలేదో, ఈయన వినలేదో. పెట్రోలైతే డబ్బా పట్టుకుపోయి తెచ్చేవాణ్ణి.

కారవాన్‌కు ఇచ్చిన సాకెట్‌లో బండి ప్లగ్ పెట్టాను. లోపల పిల్లలు హీటర్ వేశారు, ఫహద్ భార్య, అదే మా మేడమ్, కెటిల్ పెట్టింది. టప్. మొత్తం చీకటి. మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ టప్. మూడోసారి మేడమ్ బండి ప్లగ్ పీకేయమంది. పీకేశాను.

జనవరి 9, శుక్రవారం

పార్కులో కరెంటు పని చూసే మనిషి మనవాడే. అబ్దుల్ బాసిత్, రాయచోటి. మాది లక్కిరెడ్డిపల్లె అనగానే ఇంకేముంది, రాత్రి వాళ్ల క్యాబిన్‌లోనే పడుకోబెట్టాడు. తన దుప్పటి నాకిచ్చి తను జాకెట్‌తో పడుకున్నాడు. భార్య గౌసియా బీ జహ్రాలోనే ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుందట. మా వీధికి రెండు వీధుల అవతల!

మేనేజర్ ఈజిప్టువాడు. కారవాన్ లైన్ల మీద కార్లు చార్జ్ చేయకూడదని గేటు దగ్గర బోర్డు పెట్టించాడు. ఫహద్ అడిగితే అక్కడే మమ్నూ అనేశాడు. అంటే నిషేధం.

జనవరి 10, శనివారం, మధ్యాహ్నం

ముప్పై మూడు. తిరిగి వెళ్లడానికి అరవై నాలుగైనా కావాలి.

బాసిత్‌ను బతిమాలాను. చివర ఒక ప్లాటు ఖాళీగా ఉండాది, దాని లైన్ ఇస్తా, మేనేజర్‌కు తెలీనీయొద్దన్నా అన్నాడు. ఈ లైను సన్నం, దీనిమీద ఇంకేమీ ఏయాకు, పొద్దునకు ఎనభై దాటతాది అని కూడా అన్నాడు. పన్నెండింటికి ప్లగ్ పెట్టాం. గంటకు మూడు శాతం. లెక్క సరిపోయింది.

అదే రోజు, రాత్రి ఏడు

ఇవాళ క్యాబిన్‌కు పోను. కేబుల్ ఇసుకలో బయటికే ఉంది. ఏ పిల్లాడో తన్నుకు పడితే నా పని ఖలాస్. కాబట్టి బండిలోనే పడక. డ్రైవర్లకు ఇదేం కొత్త కాదు. జీఎంసీలో ఎన్ని చలికాలాలు హీటర్ వేసుకుని పడుకోలేదు!

బయట గాలి ఎముకలు కొరుకుతోంది. లోపల మా ఊరి మే నెల.

జనవరి 11, ఆదివారం, ఉదయం 6

యాభై నాలుగు.

అదే రోజు, సాయంత్రం

పొద్దున స్క్రీన్ చూసి ఒకటికి నాలుగుసార్లు కళ్లు నులుముకున్నాను. ఆ తర్వాత హీటర్ గుర్తొచ్చింది. లైన్ ఇచ్చిన దాంట్లో సగానికి పైగా రాత్రంతా నేనే వెచ్చగా తిన్నాను. ఇంకేమీ వేయొద్దని బాసిత్ అంటే కెటిల్ అనుకున్నాను. హీటర్ బండిది కదా, లైనుది కాదు కదా అనుకున్నాను. ఇంజన్ సౌండ్ ఉంటే అయినా తెలిసేదేమో.

ఫహద్ వచ్చి ఇదేంటన్నాడు.

మా అద్రి అన్నాను. తెలియదు అని. కువైట్‌లో దిగిన మొదటి రోజే రూములో పెద్దవాళ్లు నేర్పే మాట అది. గ్లాసు పగిలినా మా అద్రి, బండికి గీత పడినా మా అద్రి. తప్పు నాదేనని ముందే ఒప్పుకున్నవాణ్ణి టికెట్ చేతిలో పెట్టి పంపుతారని భయం. అక్కడితో ఆగినా బాగుండేది. ఫహద్ మొహం చూసి, రాత్రంతా కరెంటు వస్తూ పోతూ ఉంది, లైను మంచిది కాదు అని కూడా అన్నాను. టేబుల్ మీది లీవు కాగితమే కళ్లముందు ఉంది.

దారిలో అహ్మది దాటకముందే ఒక మాల్ దగ్గర ఫాస్ట్ చార్జర్‌కు పోయాం. అక్కడ కారవాన్ పట్టదు. విప్పి పక్కన పెట్టాను. మాకంటే ముందు రెండు బండ్లు. ఇదిగో పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు అంటూ ఫహద్ టాక్సీ పిలిచేసరికి పదకొండు దాటింది. హాస్పిటల్‌లో ఇవాళ్టి లిస్టు అయిపోయిందన్నారు. మళ్లీ డేటు ఏప్రిల్‌లో.

ఇంటి మెట్ల దగ్గర పెద్ద మామా నా మోచెయ్యి దొరక్క గాల్లో తడుముకుంది. నేనే పట్టుకున్నాను.

జనవరి 12, సోమవారం

ఫహద్ పార్కు మేనేజర్‌కు ఫోన్ చేసి అరిచాడు. నేను పక్కనే ఉన్నాను. ఏ లైను అని మేనేజర్ అడిగాడు. చివరి ఖాళీ ప్లాటు అని ఫహద్ చెప్పాడు.

అన్నం తినబుద్ధి కాలేదు.

జనవరి 15, గురువారం

జమ్మియా సూపర్‌మార్కెట్‌లో పెరుగు డబ్బాలు తీసుకుంటుంటే, నా ఫోన్ మాటలు విని ఒకామె అన్నా మీరు కడప దిక్కా అని పలకరించింది. గౌసియా బీ.

బాసిత్‌ను సోమవారమే తీసేశారట. చెప్పకుండా లైన్ ఇచ్చినాడని, అదీ పాడు లైన్ ఇచ్చినాడని. ఇప్పుడు ఖైతాన్‌లో బావమరిది రూములో ఉన్నాడు. నెలాఖరుకు ఇఖామా రెన్యూవల్ ఉండాదన్నా, ఆలోపల పని దొరక్కపోతే ఇంటికే అంది. ఇఖామా అంటే ఇక్కడ ఉండే పర్మిట్. యాడైనా పనిచ్చే మంచి కఫీల్ ఉంటే చెప్పమంది. ఎవడో డ్రైవర్ తన బండికి కరెంటు ఎక్కకపోతే మా ఆయన మీదికి తోసినాడంట, వాడూ మన దిక్కోడేనంట, పేరడిగితే మాత్రం ఈ మనిషి నోరిప్పడంలేదు, ఆ నా బట్ట ఎవడో తెలిస్తే కదా అంది.

చూస్తానమ్మా అన్నాను. పెరుగు డబ్బాలు అక్కడే వదిలేసి వచ్చాను.

జనవరి 16, శుక్రవారం

బాసిత్ నా పేరు చెప్పలేదు.

జనవరి 17, శనివారం

బాసిత్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదు. తప్పు చేసినవాడికి దొంగ నిద్ర కూడా పట్టదు.

జనవరి 18, ఆదివారం

పెద్ద మామాను ఆమె చెల్లెలి ఇంటి నుంచి తీసుకొస్తున్నాను. ఈ ఫ్రిజ్జే నా కన్ను పోగొట్టిందని బండిని తిడుతోంది. బండిని తిట్టొద్దు మామా అన్నాను. బండి రోడ్డు పక్కన ఆపి మొత్తం చెప్పాను. హీటరు, నిద్ర, అబద్ధం, బాసిత్, ఇఖామా, గౌసియా బీ. నాకొచ్చిన అరబీ చాలక చేతులతో కూడా చెప్పాను. ఆమెకు చేతులు సరిగా కనపడవని తర్వాత గుర్తొచ్చింది.

అంతా వింది. తర్వాత, పదిహేడేళ్లలో నువ్వు చెప్పిన మా అద్రీలు ఒక్కటి కూడా నేను నమ్మలేదు ఆంజీ అంది. అద్దం పగిలినప్పుడూ తెలుసు, మేక తప్పిపోయినప్పుడూ తెలుసు. అవి వస్తువులు కాబట్టి ఊరుకున్నానంది. ఇది మనిషి అంది. ఫహద్‌కు నువ్వే చెప్పాలి, నేను చెప్పను అంది. యల్లా, బండి తియ్ అంది.

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నడిపాను.

జనవరి 19, సోమవారం

చెప్పాను. ఫహద్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఫోన్ తీసి నా ముందే మేనేజర్‌తో మాట్లాడాడు. రూల్ తప్పాడు కదా అని మేనేజర్ అన్నట్టున్నాడు. లోపలి గదిలోంచి పెద్ద మామా గట్టిగా, మా కారవాన్ ప్రతి ఏడూ అక్కడే దిగుతుందని వాడికి గుర్తు చెయ్యి అంది.

బాసిత్‌ను మళ్లీ తీసుకుంటారు. ఇఖామా కూడా వాళ్లే చేస్తారు.

నా లీవు ఈ ఏడు లేదు. కాగితం తిరిగిచ్చేశాడు, సంతకం లేకుండా. రెడ్డెమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఎందుకంట అని అడిగింది. మా అద్రి అని నోటి దాకా వచ్చింది. జరిగింది చెప్పాను. కొంచెంసేపాగి, పోనీలే, ఆ గౌసియా బీ ఉసురు తగలకుండా చేసినావు అంది. తర్వాత ఫోన్ పెట్టేసి ఏడ్చే ఉంటుంది. నాకు తెలుసు.

జనవరి 23, శుక్రవారం

మళ్లీ ఖిరాన్. ఈసారి ఫహద్ మేనేజర్‌ను అడిగే లైన్ తీసుకున్నాడు. పెద్ద మామా ఆర్డర్: రేపు బండి నిండేదాకా నేను బయట కూర్చోవాలి, బండిలో కాలు పెట్టకూడదు. బాసిత్ దూరంగా కనిపించాడు. నేనే వెళ్లి, తప్పు నాదే బాసితూ అన్నాను. టెస్టర్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

జనవరి 24, శనివారం

ఉదయం 7. ముప్పై ఎనిమిది. బాసిత్ వచ్చి ప్లగ్ పెట్టాడు. మాట్లాడలేదు.

10. నలభై ఏడు. గాలి. వచ్చి కేబుల్ మీద చెయ్యి పెట్టి చూశాడు. మాట్లాడలేదు.

ఒంటిగంట. యాభై ఆరు. చాయ్ గ్లాసుతో వచ్చాడు. ఒక్కటే. నిలబడి తాగాడు.

4. అరవై ఐదు. రెండు గ్లాసులతో వచ్చాడు. రెండోది నా చేతికివ్వలేదు. నా పక్కన ఇసుకలో పెట్టి వెళ్లిపోయాడు.

తాగాను.