పెళ్ళిబట్టల కొట్టులో గుండు

నాన్నా,

నువ్వు మాట్లాడిపెట్టిన బట్టలకొట్టు పనిలో చేరడానికి ఇవాళ విజయనగరం వెళ్ళాను. నువ్వు కుట్టించిన తెల్లచొక్కాయే తొడుక్కున్నాను. షావుకారు చొక్కా చూడలేదు. నువ్వు పోయిన పదోరోజున గీయించుకున్న గుండు చూశాడు.

"ఏటనుకోకు బాబూ. పెళ్ళిబట్టలకొచ్చినోళ్ళు నీ గుండు సూసి గుమ్మంలోంచే ఎల్లిపోతారు. జుత్తు పెరిగాక రా."

తలపాగా చుట్టుకుంటానన్నాను.

"అది సూస్తే మరీ తెలిసిపోతాది."

జుత్తు పెరిగేసరికి ముహూర్తాలు అయిపోతాయి, ఇంక ఆ పని ఉండదు. ఆయన్నేమనగలను? చెల్లి పెళ్ళిబట్టలకి వెళ్ళి ఉంటే నువ్వూ గుమ్మంలోంచే తిరిగొచ్చేసేవాడివి.

"తల దువ్వుకుని ఎల్లరా, ముందదే సూస్తారు" అంటూ నువ్వు చొక్కాతోపాటు ఇచ్చిన దువ్వెన జేబులోనే ఉంది. తిరుగుబస్సులో గాలి కొడితే, అలవాటుకొద్దీ తీసి తలమీద పెట్టుకున్నాను.