హాపర్ పట్టుకునే మనిషి

సఖినేటిపల్లి,
17 నవంబరు 2024.

పూజ్యులైన సూర్యప్రకాష్ బాబాయిగారికి,

మీ అన్నగారి అమ్మాయి వీరదుర్గ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం పద్ధతి కదా. మనుషులం క్షేమమే. మట్టల మిషనే బాగాలేదు.

మీరు ఫోను ఎత్తడం మానేశారు. ఎత్తినా "ఆయ్, ఆయ్" అని పెట్టేస్తారు. ఉత్తరమైతే మధ్యలో పెట్టెయ్యలేరని రాస్తున్నాను. రాజోలు కాలేజీలో తెలుగు తీసుకున్నాక నాకు మాటల పిచ్చి పట్టుకుంది. బస్సులో విన్నవి కూడా ఇంటికొచ్చి రాసుకుంటున్నాను. ఇంట్లో మాత్రం రాసుకోవడానికి ఏమీ దొరకడం లేదు. నాన్నగారు మాట్లాడితే కదా.

ముందు మిషను సంగతి. కొబ్బరి మట్టలు ముక్కలు చేస్తుందని కొన్నామే గానీ, దాన్ని తయారుచేసినవాళ్ళు జన్మలో కొబ్బరి మట్టను చూసినట్టు లేదు. వేప కొమ్మ వేస్తే కరకరా నమిలేస్తుంది. మట్ట వేస్తే పీచంతా లోపలి షాఫ్టుకి జడలా చుట్టుకుంటుంది. ప్రతిసారీ ఆపి, కొడవలితో కోసి లాగాలి. గ్రీజు పెట్టే చోటేమో బెల్టుకి అడ్డుగా ఉండే గార్డు రేకు వెనకాల దాచారు. పెట్టాలన్నప్పుడల్లా గార్డు బోల్టులన్నీ విప్పాలి. ఆ విసుగుతోనే కదా నాన్నగారు మొన్న వేసవిలో గార్డు తీసి మూల పడేసింది. మీ ఇద్దరికీ మాట పెరిగిందీ అక్కడే.

"అన్నయ్యా, ఏదో రోజు చెయ్యి లాగేసుద్ది. గార్డుకి ఇక్కడో చిల్లు పెట్టిద్దాం, విప్పకుండానే గ్రీజు పెట్టుకోవచ్చు" అని మీరు సుద్దముక్కతో గుర్తు పెట్టారు. నాన్నగారు కూలీల ముందే, "అంత భయమైతే రేవు దాటి పోరా" అన్నారు. మీరు నిజంగానే గోదారి దాటించే పంటు ఎక్కి నర్సాపురం వెళ్ళిపోయారు. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు నేను రేవులో కాసేపు నిలబడుతున్నాను. మీ ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది. కనిపించకపోతేనే నయమేమో.

ఇప్పుడు బ్లేళ్ళు మొద్దుబారాయి. మార్చాలంటే పైన మట్టలు వేసే ఇనప తొట్టి, ఆ హాపర్, దింపాలి. అంత బరువైన దానికి ఒక కీలు పెట్టొచ్చని ఎవరికీ తోచలేదు. ఒకరు ఎత్తి పట్టుకుంటేనే ఇంకొకరు బోల్టు పెట్టగలరు. ఈ మిషనుకి నమూనా గీసినాయన పక్కన ఎప్పుడూ మరో మనిషి ఉండి ఉంటాడు. లేకపోతే ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు.

మొన్న నూకరాజుగారు తన తోటలో మట్టలు కొట్టించుకుందామని వచ్చారు. నాన్నగారు, "బ్లేళ్ళు మార్చాలండి. పట్టుకునే మనిషి లేడండి" అన్నారు. ఆయన నవ్వి, "ఆయ్, అవతల ఒడ్డున ఉన్నాడు కదండీ. ఓ కేకేస్తే పోలా?" అన్నారు. నాన్నగారు పొద్దున గ్రీజు పెట్టిన చక్రానికే మళ్ళీ గ్రీజు పెట్టారు.

మిషను ఆగాక తోటలో మిగిలేదానికి సరైన మాట కోసం వెతుకుతున్నాను. నిశ్శబ్దం అని రాసి కొట్టేశాను. కాకులు అరుస్తూనే ఉన్నాయి, పక్క రొయ్యల చెరువులో ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. పని చేస్తూ మీరు వేసే కేకలే లేవు. దానికి మాట లేదనుకుంటా.

ఒక్క పూట రండి బాబాయిగారూ. హాపర్ పట్టుకుంటే చాలు. నాన్నగారితో మాట్లాడక్కర్లేదు, ఆ పనికి మాటలతో అవసరం లేదు. బోల్టులు బిగించాక పంటు దాకా నేనే వచ్చి దిగబెడతాను.

రేవు వైపు చూస్తూ,
మీ వీరదుర్గ

తా.క.: కవరు అంటించబోయి మళ్ళీ తెరిచాను. పైన రాసిన దాంట్లో ఒకటి అబద్ధం. బ్లేళ్ళు నిన్ననే మార్చేశాం. నాన్నగారు షెడ్డు దూలానికి గిలక కట్టి, హాపర్‌ని తాడుతో వేలాడదీశారు. ఇక దాన్ని ఎత్తి పట్టుకునే మనిషి అక్కర్లేదు, తాడు లాగడానికి నేను చాలు. గార్డు కూడా బిగించేశారు. సుద్ద గుర్తు ఉన్నచోటే చిల్లు పెట్టించారు.

మీరు లేకుండానే పనైపోయిందని ఊరుకునేదాన్నే. చివరి బోల్టు పెడుతూ, తల తిప్పకుండా, "ఒరేయ్ సూర్యం, రవ్వంత పైకెత్తరా" అన్నారు. తాడు పట్టుకుని పక్కనే ఉన్నాను. తాడు లాగి నేనే ఎత్తాను. కానీ ఆయన పిలిచింది నన్ను కాదు.