నిదానంగా తిట్టు

జూన్ 3

రిమాండ్ కోర్టు, వెనక బెంచీ. చట్టం ముందు అందరూ సమానులేనని రాసినవాణ్ణి ఈ బెంచీ మీద ఒక్క పూట కూర్చోబెట్టాలి. గోడకు టీవీ, టీవీలో జైలు. ఖైదీలు ఒక్కొక్కరే వచ్చి కెమెరా ముందు నిలబడతారు. వకీలున్నాడా, చెప్పుకోవాల్సిందేమైనా ఉందా అని మెజిస్ట్రేటు గారు అడిగి ముగించేసరికి నా పెన్ను మూత కూడా ఊడదు. అదే ఉన్నవాడి కేసైతే వాయిదా అడగడానికే అరగంట. మా ప్రాజెక్టు పేరు ‘విచారణ ఖైదీలు, అసమానత’. పేరుకేం, దివ్యంగా ఉంది.

పక్కనున్నామె జరిగి నా సంచికి చోటిచ్చింది. ఆమె భర్త పనిచేసే రేకుల షాపులో మోటారు పోయిందట. ఇతనే దొంగన్నారు, పోలీసులు పట్టుకెళ్ళారు. టీవీలో అతను అన్నిటికీ తల ఊపాడు, వకీలున్నాడా అన్నదానికి కూడా. నా షీటులో ‘ప్రశ్నలు అర్థమయ్యాయి’ దగ్గర టిక్ పెట్టాను.

జూన్ 17

మళ్ళీ తల ఊపాడు. రిమాండ్ మళ్ళీ పొడిగించారు. ఆమె లేచేలోపే తరవాతి పేరు పిలిచేశారు. కూర్చోమ్మా, ఇదేమన్నా సంతా అన్నాడు బంట్రోతు.

మీ వకీలెవరని అడిగాను. వకీలెక్కడ మేడమ్, రేకులు కొట్టీ కొట్టీ ఆయన చెవులెప్పుడో పోయాయి, నా పెదాలు చూసి మాట తెలుసుకుంటాడు అంది. మరి తలెందుకు ఊపుతాడంటే, పెద్దవాళ్ళు అడిగితే కాదంటామా అంది. స్టేషన్లో చెబితే నాటకాలాడకు అన్నారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం అతన్ని తలుచుకుని నవ్వుతోంది. ఇంట్లో తగువొస్తే, నిదానంగా తిట్టవే, అర్థం కావట్లేదు అంటాడట. ఇంకేం తిడతాను అంది.

జూన్ 17, సాయంత్రం

మా ప్రాజెక్టు డైరెక్టరుకు ఫోన్ చేశాను. మనం పరిశీలకులం మాత్రమే, జోక్యం చేసుకుంటే డేటా పాడవుతుంది అన్నాడు. మనిషి పాడైపోతుంటే డేటా అట! అరిచాను. పెట్టేశాడు.

జూలై 1

అతని పేరు పిలవగానే లేచాను. ఇతనికి వినపడదండీ, మీ ప్రశ్న ఒక్కటీ చేరలేదు అన్నాను. మీరెవరన్నారు మెజిస్ట్రేటు గారు. పరిశోధకురాలిని అన్నాను. అయితే కూర్చుని పరిశోధించుకోండి అన్నారు. కోర్టంతా నవ్వు. నేను కూర్చుంటానా! టీవీ పక్కనున్న కోర్టు కెమెరా దాకా వెళ్ళి చట్టం, హక్కు, రాజ్యాంగం అన్నీ ఏకరువు పెట్టాను. టీవీలో అతను నాకూ బుద్ధిగా తల ఊపాడు.

మీరుండండక్కా అని ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపి, కెమెరా ముందు నిలబడింది. అడ్డం రాబోయిన బంట్రోతును మెజిస్ట్రేటు గారు ఆగమన్నారు.

అతని మొహం విచ్చుకుంది. ఏంటే ఇంత చిక్కిపోయావు అన్నాడు. తన గొంతు తనకు వినపడదు కదా, టీవీ అదిరింది.

ఆమె పెదాలు మెల్లగా కదిలాయి. శబ్దం లేదు.

వకీలా? మనకెవరిస్తారే అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మెజిస్ట్రేటు గారు అప్పటికప్పుడే ప్రభుత్వ ఖర్చుతో అతనికి వకీలును పెట్టారు. ఇకమీదట అతన్ని కోర్టుకే తీసుకురమ్మన్నారు, భార్య ఎదురుగా నిలబడాలన్నారు.

జూలై 9

బెయిలొచ్చింది. కేసు ఇంకా ఉంది. డైరెక్టరు సంజాయిషీ అడిగాడు. ఇస్తాను, పుస్తకమంత!

జూలై 12

రేపు అతనితో ఇంటర్వ్యూ. కోపంలో మీ పెదాలు వంకర పోతాయక్కా, ఆయనకు అందదు అని ఆమె ముందే హెచ్చరించింది.

అద్దం ముందు నిలబడి, గొంతు లేకుండా, ఈ వ్యవస్థను నిదానంగా తిడుతున్నాను.