నడిమింట్లో విమానానికి చోటు

కామారెడ్డి, ఫిబ్రవరి 1941

లిదియా, నేను బాగున్నాను. మీ మామ అబ్రాహాముకు దగ్గు తగ్గలేదు. ఆసుపత్రి మంచం మీదే వెదురు పుల్లలతో గదిలో ఎగిరే చిన్న విమానం కట్టాడు. రెక్కలకు కాగితం బరువవుతుందని, పుండ్లకు పూసే కొలోడియన్ మందులో ఆముదం చుక్క కలిపి పళ్లెంలో నీళ్ల మీద పోశాడు. అది పలచని పొరగా తేలింది. గుండ్రంగా వంచిన తీగతో ఎత్తబోతే రెండుసార్లూ దగ్గుకు చిరిగింది.

"అక్కా, మీగడ తీసినట్టు నువ్వే తియ్యి. నా దగ్గు దాన్ని బతకనిస్తలేదు" అన్నాడు.

ఊపిరి బిగబట్టి ఎత్తి రెక్కల మీద పరిచాను. ముందరి గాలిమరకు కట్టిన రబ్బరును పురి తిప్పి వదిలితే మంచాల మీదుగా మెల్లగా తేలిపోయింది.

పక్క మంచం మైసన్న "నన్ను గూడ ఎక్కించుకో, ఎల్లారెడ్డిల దింపు" అన్నాడు. మామ చాలా రోజులకు నవ్వాడు.

ఇక మందు పనిచేయదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరుగారు నాతో చెప్పారు. మామతో మాత్రం, విమానం ఇంట్లో ఎగరేద్దాం పద అన్నాను. శనివారం వస్తున్నాం. నడిమింట్లో ఉట్టి విప్పెయ్యి. బీబీపేట కందులు వస్తే కొలిచి రాసిపెట్టు. మిరపకాయలు ఎండాయా?

చూడవచ్చేవాళ్లకు ముందే చెప్పు. తలుపు మెల్లగా తియ్యాలి, మామ దగ్గర కూర్చుని ఏడవకూడదు. ఆ రెక్క ఊపిరి తగిలినా చిరుగుతుంది.

ప్రభువు నిన్ను కాయాలి.
అమ్మ, మార్త