లిస్టులో మూడో పేరు

మే 6, సోమవారం

ఈ నెల కూడా జీతం పడలేదు. ఐదు నెలలు. అకౌంట్స్ క్లర్కుని అడిగితే ఫైలు కదిలింది డాక్టరమ్మా అన్నాడు. జనవరి నుంచీ కదులుతూనే ఉంది. ఇంత నడిచిన ఫైలు ఈపాటికి ఏ సముద్రమో దాటి ఉండాలి.

దాటుతున్నది మాత్రం మేము. జూన్ 20, గురువారం నా ఎగ్జామ్. పాసైతే బయటి దేశంలో లైసెన్సు. రాతపరీక్ష నిరుడే అయిపోయింది. మిగిలినవి స్టేషన్లు: పదహారు గదులు, గదికొక ఉత్తుత్తి పేషెంటు, ఎనిమిదేసి నిమిషాలు. వాళ్లు లేని జబ్బు చెబుతారు, మేం ఇవ్వని మందు చెప్పాలి.

మేం పొడుగు అని పిలిచేవాడు తన స్క్రిప్టులన్నీ పంపాడు. నాతో కలిసి చదివినవాడు, రెండేళ్ల కిందట వెళ్లిపోయాడు. ఎగ్జామ్‌లో పేషెంటుగా నటించేవాళ్లకి గంటకి ఇచ్చేది అక్కడ నీకు రోజంతా చేసినా రాదు తెలుసా అని ఫోన్లో ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది.

ప్రాక్టీసుకి మనిషి కావాలి. ఇంట్లో ఉండేది నేనూ అక్కా. అక్క నాకన్నా పదమూడేళ్లు పెద్దది, ముందుగదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. నేను యాక్టింగ్ చేయడమేంటే, నీకేమైనా పిచ్చా అంది. అరగంట తర్వాత తల దువ్వుకుని వచ్చి కూర్చుంది.

మే 7, మంగళవారం, సాయంత్రం

ఓపీలో 143 మంది. ముగ్గురు చూడాల్సిన ఓపీ. ఒకడు మార్చిలో వెళ్లాడు, ఒకావిడ ఏప్రిల్లో. మనిషికి నిమిషంన్నర. కొందరు కూర్చునేలోపే చీటీ రాసేశాను.

ఇంటికొచ్చి మొదటి స్టేషన్. గుండెనొప్పి. పద్ధతి ప్రకారం కుర్చీ దగ్గరికి లాక్కోవాలి. పేరు చెప్పుకోవాలి. ఏం ఇబ్బందో మీ మాటల్లో చెప్పండి అనాలి. తర్వాత రెండు నిమిషాలు నోరు మూసుకుని వినాలి. చివర్లో మీకు అన్నిటికంటే దేనికి భయంగా ఉంది అని అడగాలి. దానికి విడిగా మార్కులు. పగలంతా 143 మందిలో ఒక్కరిని కూడా అడగలేదు.

అక్క నన్ను డాక్టరుగారూ, మీరూ అంటుంటే నవ్వాపుకోలేకపోయాను. తను నవ్వలేదు. గుండెనొప్పంతా చక్కగా అప్పజెప్పి, ఈ మధ్య నీరసంగా ఉంటోందండీ, మిషన్ తొక్కలేకపోతున్నాను, నాలుగు మెట్లెక్కితే ఆయాసం అంది. స్క్రిప్టులో పేషెంటు బ్యాంకు మేనేజరు. బ్యాంకు మేనేజరు మిషన్ తొక్కడమేంటక్కా అని స్టాప్‌వాచ్ ఆపేశాను.

మే 14, మంగళవారం

తలనొప్పి స్టేషన్. భయం ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అక్క తల వంచుకుని, గొంతు తగ్గించి, మోషన్‌లో రక్తం పడుతోందండీ, నల్లగా, నాలుగు నెలలైంది, ఎవరితోనూ చెప్పుకోలేక ఊరుకున్నాను అంది.

నటన అదిరింది. ఆ గొంతు తగ్గించడం బావుంది, అలాగే ఉంచు అన్నాను. కానీ తలనొప్పికీ రక్తానికీ ఏంటి సంబంధం, అక్కడివాళ్లు స్క్రిప్టు దాటరు, నువ్వూ దాటకు అని కసిరాను కూడా. సరేలే అని లేచి మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది.

మే 17, శుక్రవారం

నిన్న కూడా పదిహేడో బెడ్ ఆపరేషన్ కాలేదు. లేత్ మీద పనిచేసే మనిషి, నలభై దాటి ఉంటాయి. పెద్దపేగులో గడ్డ, దారి సగం మూసేసింది. పూర్తిగా మూసుకుపోతే ఆ తర్వాత గంటల లెక్కే.

ఆపరేషన్లు గురువారమే. మత్తు డాక్టరు వేరే ఊరి నుంచి వారానికి ఒక్కరోజు వస్తాడు, నాలుగింటికి బస్సు పట్టుకుంటాడు. లిస్టు రాసేది నేను. మూడు పేర్లు రాస్తాం, రెండే అవుతాయి. మూడో పేరంటే వచ్చేవారం అని వార్డు ఊడ్చే ఆమెకి కూడా తెలుసు. పదిహేడుకి రెండో బెడ్డూ తొమ్మిదో బెడ్డూ అడ్డొచ్చి రెండు వారాలుగా మూడో పేరే అయ్యాడు. ఆయన భార్య రోజూ నన్ను కారిడార్లో ఆపి, లిస్టు ఎప్పుడమ్మా అంటుంది. గురువారం అంటాను. చల్లగా ఉండమ్మా అంటుంది.

మే 26, ఆదివారం, ఉదయం పది

పొట్ట స్టేషన్. ఎగ్జామ్‌లో చేత్తో చూస్తూ నోటితో చెప్పాలి. పొట్ట మెత్తగా ఉంది, నొప్పి లేదు, గడ్డలేవీ లేవు. నటులకి ఏమీ ఉండవు కాబట్టి అంతా బట్టీ పాఠమే. అక్క చాప మీద పడుకుంది. నేను గడగడా మొదలుపెట్టాను. గడ్డలేవీ లేవు అని నోరు అంటూనే ఉంది, కుడివైపు కింద నా చెయ్యి ఆగిపోయింది.

మళ్లీ చూశాను. మళ్లీ చూశాను. నిమ్మకాయంత. గట్టిగా.

నోరు మాత్రం ఆగలేదు. లివర్ తగలడం లేదు, స్ప్లీన్ తగలడం లేదు. ఎనిమిది నిమిషాలై ఫోను మోగింది.

కింది రెప్ప లాగి చూశాను. లోపల చుక్క ఎరుపు లేదు. రోజూ ఈ మనిషికి ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాను. డాక్టర్ని.

ఎప్పట్నించి అని అడిగాను. చెప్పాను కదండీ అంది. అలవాటులో అండీ అనేసి నాలిక్కరుచుకుంది.

మామూలుగా ఎందుకు చెప్పలేదని అరిచాను. ఎప్పుడు చెప్పను, ఇంటికొస్తే నీ పుస్తకాలు, నీ నిద్ర, నేను మాటెత్తితే తర్వాతక్కా అంటావు, డాక్టరువైతే రెండు నిమిషాలు మాట్లాడనిస్తావు కదా అంది. నిష్ఠూరంగా అన్నా బావుండేది. మామూలుగా అంది.

మే 26, మధ్యాహ్నం

14వ తేదీ పేజీ మళ్లీ చదివాను. నటన అదిరింది అని ఉంది. నా చేతిరాతే.

మే 28, మంగళవారం

హిమోగ్లోబిన్ 6.8, పన్నెండు ఉండాల్సింది. మళ్లీ చేయించాను. 6.8. ఈ రక్తంతో తను పోయినవారం పదకొండు జాకెట్లు కుట్టింది.

స్కాన్ బయట చేయించాను. పెద్ద సర్ చూశారు. పెద్ద సర్ అంటే ముప్పైఎనిమిదేళ్లే, మిగిలినవాళ్లలో పెద్ద. మాకున్న ఒకే ఒక్క సర్జన్. ఫిల్మ్ కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసి, ఎక్కడికీ పాకలేదు, ఇప్పుడు తీసేస్తే బతుకుతుంది, ఆగితే మాత్రం నేను మాటివ్వలేను అన్నారు.

అక్కకి నేనే చెప్పాలి. చెడ్డవార్త చెప్పడం అని ఒక స్టేషనే ఉంది, దాన్ని ఆరుసార్లు చేశాను, వాక్యం వాక్యం నోటికి వచ్చు. అక్క ముందు కూర్చున్నాక ఒక్క ముక్క రాలేదు. ఏడ్చేశాను. తనే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

మే 31, శుక్రవారం

సిటీలో పెద్ద క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లొచ్చాం. ఆగస్టు 29కి డేట్ ఇచ్చారు. నేను డాక్టర్ని అన్నాను. అయ్యో అవునా మేడమ్ అని మర్యాదగా ఆగస్టు 27 చేశారు. అక్కడా ఇద్దరు సర్జన్లు వెళ్లిపోయారట.

ప్రైవేటులో కౌంటర్ అమ్మాయి చెప్పిన ఖర్చు విన్నాక అక్క నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

జూన్ 4, మంగళవారం

పెద్ద సర్ కూడా వెళ్లిపోతున్నారు.

జూన్ 5, బుధవారం

మూడు నెలల కిందటే రాజీనామా ఇచ్చారట. ఎవరికీ చెప్పలేదు. 16న ఫ్లైటు. ఆ పోస్టుకి ఎవరూ అప్లై చేయలేదు, చేయరు కూడా. రేపటి గురువారం మత్తు డాక్టరు సెలవు. కాబట్టి ఈ ఆస్పత్రిలో మిగిలింది ఒక్క లిస్టు. 13వ తేదీది.

ఎలా వెళ్తారు సర్ అని అడిగాను. నోరు జారింది. పిల్ల స్కూలు ఫీజు కట్టలేక రెండుసార్లు పిలిపించుకుని మాటలు పడ్డానమ్మా అన్నారు. తర్వాత, నీ ఎగ్జామ్ ఎప్పుడు అన్నారు.

ఆయన మీద అరవడానికి నాకేం మొహం ఉంది.

జూన్ 10, సోమవారం

అక్కని అడ్మిట్ చేశాను. మూడు బాటిళ్లు రక్తం ఎక్కింది. బుగ్గలకి కాస్త రంగొచ్చింది. పక్క బెడ్ ఆమె జాకెట్ చంక దగ్గర పిగిలిందని అక్క సూది దారం అడుగుతోంది. ఊరుకోలేదీ మనిషి.

పోయిన రెండు లిస్టుల్లోనూ మూడో పేరే అయిన పదిహేడో బెడ్‌కి పొట్ట ఉబ్బడం మొదలైంది.

జూన్ 12, బుధవారం, మధ్యాహ్నం మూడు

లిస్టు రాశాను.

ఒకటి: నాలుగో బెడ్ అమ్మాయి, పేగు మెలిపడింది, ఆ నంబరు ఎవరూ కదపలేరు. రెండు: పదిహేడో బెడ్. మూడు: అక్క.

న్యాయంగా అంతే. ఆయన నెలరోజులుగా ఉన్నాడు, ఆయన పేగు ముందు మూసుకుపోతుంది. ఎవరిని అడిగినా అదే రాస్తారు. నేనైనా అదే రాస్తాను, అక్క నా అక్క కాకపోతే.

తర్వాత కాగితం చించి కొత్తది రాశాను. పేర్లు అవే. నంబర్లు మాత్రం మార్చాను.

సర్ చూసి, పదిహేడు మూడోదా అన్నారు. ఆయనకి ఇంకా రక్తం రాలేదు సర్ అన్నాను. రక్తం పొద్దున్నే వచ్చింది. నేనే సంతకం పెట్టి ఫ్రిజ్‌లో పెట్టించాను. నా నోరు ఇంత తేలిగ్గా అబద్ధం ఆడగలదని ఇరవయ్యారేళ్లలో ఈరోజే తెలిసింది.

సర్ సంతకం పెట్టారు.

జూన్ 13, గురువారం

అక్కది పదకొండున్నరకి మొదలై మూడింటికి అయింది. మొత్తం వచ్చేసింది. సర్ మాస్కు తీసి, శుభ్రంగా వచ్చింది అన్నారు. గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాను. అంత సంతోషం ఎప్పుడూ ఎరగను. ఇది కూడా రాయాలి, ఎందుకంటే నిజం.

మత్తు డాక్టరు వాచీ చూసుకున్నాడు. మూడోది కుదరదండీ అన్నాడు.

పదిహేడో బెడ్ ఆయన పొద్దున్నించీ థియేటర్ బయట ట్రాలీ మీద ఉన్నాడు. ఆకుపచ్చ గౌను, ఖాళీ కడుపు. నేను బయటికి రాగానే, మీ అక్కగారికి బాగా అయిందా డాక్టరమ్మా అన్నాడు. అయింది అన్నాను. దేవుడున్నాడు అన్నాడు. తర్వాత, మరి నన్ను తీసుకెళ్తారా అన్నాడు.

వార్డుకి తీసుకెళ్లమని ట్రాలీ మనిషికి సైగ చేశాను.

జూన్ 15, శనివారం

అక్క గ్యాస్ వదిలింది, అంటే పేగులు మళ్లీ పనిచేస్తున్నట్టే. సర్జరీ వార్డులో ఇంతకన్నా మంచివార్త లేదు. సిగ్గుతో దుప్పటి కప్పేసుకుంది. మంచినీళ్లు రెండు చెంచాలు తాగింది. గురువారం ఎగ్జామ్‌కి నువ్వు వెళ్లి తీరాలి, పక్కింటి పిన్ని నా దగ్గర ఉంటుంది, ఈ ఊళ్లో కూర్చుని నన్ను చూసి ఏడవకు అంది. బుధవారం బస్సుకి టికెట్ చేశాను.

పదిహేడో బెడ్‌కి సిటీ ఆస్పత్రికి రిఫరల్ రాశాను. ఫోన్ చేస్తే సెప్టెంబర్ అన్నారు. ఎమర్జెన్సీ అయితే తీసుకురండి, ఇక్కడ బెడ్ ఉంటే చూస్తాం అన్నారు. ఉంటే.

సాయంత్రం సర్ అందరికీ చెప్పి వెళ్తున్నారు. వార్డులో నర్సులు ఏడుస్తున్నారు. నా దగ్గరికి వచ్చి, అక్కకి స్టిచెస్ పదో రోజు తియ్యి అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. బుధవారం ఫ్రిజ్ నేనూ చూశానమ్మా అన్నారు.

అంతే. చెయ్యి కలిపి వెళ్లిపోయారు.

ఆయనకి తెలుసు. తెలిసే సంతకం పెట్టారు. గంట నుంచి ఇదే వాక్యం చూస్తూ కూర్చున్నాను.

జూన్ 17, సోమవారం

పదిహేడో బెడ్ ఆయన భార్య కారిడార్లో ఆపింది. ముందు అక్క ఎలా ఉందని అడిగింది. లేచి కూర్చుంటోంది అన్నాను. సంతోషం అమ్మా అంది. తర్వాత లిస్టు ఎప్పుడమ్మా అంది.

గురువారం అన్నాను.